పల్లెలో మాజీ సైనికుల సంఘము

సైన్యమునుండి సెలవు పుచ్చుకొని యింటికి వచ్చినవాడు మొదటి ఆరునెలలు ఊరివారికి వింతగా కనబడును. తెల్లవారుజామున నాలుగు గంటలకే లేచును. పండుగ పబ్బము లేకున్నను గడ్డము గీసికొనును. చెప్పులు వరుసగా విడువలేదని పిల్లలను గద్దించును. ఏడవ నెలకు ఆ వింత తీరిపోవును. అతడును పదిమందివలె పొలము గట్టున కూర్చుండి నీటి వంతు కొరకు ఎదురుచూచును. సరిగా అప్పుడే అతని కష్టములు మొదలగును. పింఛను కాగితములో ఒక అక్షరము తప్పినదని ఒక ఉత్తరము వచ్చును. భార్య పుట్టిన తేది రెండు చోట్ల రెండు విధములుగా నున్నదని మరియొకటి వచ్చును. పదునేడేండ్లు ఆర్డరు వచ్చిన దిక్కునకు నడచినవానికి, ఆర్డరు లేని లోకములో ఏ కచేరిలో ఏ కిటికీయొద్ద నిలువవలెనో తెలియదు. మాజీ సైనికుల సంఘము పుట్టునది ఆ కిటికీయొద్దనే.

అట్టి చిన్న సంఘమొకదానికి నేను కొన్ని ఏండ్లుగా కార్యదర్శిగా నున్నాను. సైన్యములో గుమాస్తా పని చేసితిని గనుక, కాగితము చూచి భయపడనివాడనని మావారు నన్ను ఆ కుర్చీలో కూర్చుండబెట్టిరి. మాది కామారెడ్డి జిల్లా, బాన్సువాడ చేరువనున్న నస్రుల్లాబాదు. 2016 లో జిల్లాలను, మండలములను తిరిగి యేర్పరచినప్పుడు మా ఊరు మండల కేంద్రమైనది. అంతకు పూర్వము నిజామాబాదు జిల్లా, బీర్కూరు మండలము. ఈ భూగోళ మెందుకని అడుగుదురేమో. మా సభ్యుల డిశ్చార్జి పుస్తకములలో పాత జిల్లా, పాత మండలము వ్రాసియున్నవి. ఆధారు కార్డులలో క్రొత్తవి వచ్చినవి. ఇల్లు కదలలేదు, మనిషి కదలలేదు, చిరునామా మాత్రము కదలినది. "వీరిద్దరును ఒక్కరే" యని ధ్రువపరచుటకు నేను వ్రాసిన దరఖాస్తులు ఒక దస్త్రము నిండును.

తెలుగునాట సైనికుల ఊళ్ళు కొన్ని ప్రసిద్ధములు. పశ్చిమ గోదావరి జిల్లాలోని మాధవరమును జనులు మిలిటరీ మాధవరమనియే పిలుతురు. అక్కడ పటాలమునకు మనిషిని పంపని యిల్లు అరుదని చెప్పుకొందురు. మా ప్రాంతము అట్టిది కాదు. మంజీర మీద నిజాం సాగరు 1923 లో మొదలై 1931 లో పూర్తియైన నాటినుండి ఇది వరి పొలముల సీమ. కాలువ వెంట కోస్తా జిల్లాలనుండి వచ్చి భూములు కొని స్థిరపడినవారి ఊళ్ళను మేము నేటికిని "క్యాంపు"లని పిలుతుము. సైన్యమునకు పోయినవారు ఈ ఊరిలో ఇద్దరు, ఆ తండాలో ఒకడు, అవతలి క్యాంపులో ముగ్గురు, ఇట్లు చెదరియుందురు. చెదరినవారికే సంఘము కావలెను. ఊరంతయు సైనికులే యైనచో రచ్చబండయే సంఘము.

తెలుగువానికి సిపాయితనము క్రొత్తది కాదు. ఈస్టిండియా కంపెనీవారు తొలుత దక్షిణదేశమున మనవారినే సిపాయిలుగా చేర్చుకొని యుత్తరమునకు తీసికొనిపోయిరి. అందువలన హిందుస్థానమున "తిలంగా" యను మాటకు సిపాయి యనియే అర్థము స్థిరపడినది. ఢిల్లీలో తీన్ మూర్తి యను స్మారకమున్నది. 1922 లో నిలిపిన ఆ మూడు కంచు విగ్రహములలో ఒకటి మైసూరు రౌతుది, ఒకటి జోధపురము రౌతుది, మూడవది మన హైదరాబాదు రౌతుది. 1941 డిసెంబరులో జపానువారు మలయాలోని కోటా బారు తీరమున దిగినప్పుడు అక్కడి విమానస్థలము కాచినవారిలో హైదరాబాదు సంస్థాన పటాల మొకటి యుండెను. ఇంత చరిత్ర యున్నను, ఇంటికి తిరిగివచ్చిన సిపాయి గతి యేమైనదని ఆ స్మారకములు చెప్పవు.

మా తాత నిజాము ఫౌజులో పనిచేసినవాడు. 1948 సెప్టెంబరులో పోలీసు చర్య ముగిసిన పిమ్మట ఆ ఫౌజును రద్దుచేసిరి. కొందరిని భారతసేనలో చేర్చుకొనిరి, పెక్కుమందిని ఇండ్లకు పంపిరి. మా తాత ఇంటికి వచ్చినవారిలోనివాడు. ఆయన రేకు పెట్టెలో ఉర్దూలో వ్రాసిన కాగిత మొకటి, ఫసలీ సంవత్సరముతో, చాలకాల ముండెను. ఇంటిలో ఎవరికిని చదువరాదు. నేను సైన్యమునుండి మొదటిసారి సెలవుమీద వచ్చినప్పుడు దానిని బాన్సువాడ తీసికొనిపోయి ఒక మౌల్వీగారిచేత చదివించితిని. "నడవడి మంచిది" యని దానిలో నున్నది. అంతకుమించి యేమియు లేదు. ఆ కాగితము మా తాతకు గింజెడు ధాన్యము తేలేదు. అయినను ఆయన దానిని పట్టా కాగితములతో సమానముగా దాచుకొనెను.

బ్రిటిషువారు మొదటి ప్రపంచయుద్ధము పిమ్మట, 1919 లో, ఇండియన్ సోల్జర్స్ బోర్డు నేర్పరచిరి. నేటి కేంద్రీయ సైనిక బోర్డు దాని సంతతియే. 1975 లో ఈ పేరు వచ్చినది. దాని క్రింద రాష్ట్రములలో రాజ్య సైనిక బోర్డులు, జిల్లాలలో సైనిక సంక్షేమ కార్యాలయములు గలవు. ఇవి ప్రభుత్వపువి. సైనికులు తమంతట తాము కూడి పెట్టుకొన్న సంఘములు వేరు. ఇంగ్లండులో 1921 లో నాలుగు సంఘములు కలిసి బ్రిటిష్ లీజియనైనవి. మన దేశమున 1964 లో ఇండియన్ ఎక్స్-సర్వీసెస్ లీగు ఏర్పడినది. అమెరికాలో అంతర్యుద్ధము ముగిసిన మరుసటి యేడు, 1866 లో, ఉత్తరపక్షపు సైనికులు ఒక సంఘము పెట్టుకొనిరి. గ్రాండ్ ఆర్మీ ఆఫ్ ది రిపబ్లిక్ అని దాని పేరు. దాని స్థానిక శాఖను "పోస్టు" అనిరి. ఒక కాలమున నాలుగు లక్షలకు పైబడిన సభ్యులతో రాజకీయములను శాసించిన సంఘమది. అయితే ఆ యొక్క యుద్ధములో పోరాడినవారికే గాని యితరులకు దానిలో ప్రవేశము లేదు. కనుక సభ్యులతోపాటు అదియు ముదిసి, 1956 లో చివరి సభ్యుడు కన్నుమూయగా ముగిసిపోయినది. తలుపు ఎంత తెరువవలెనను ప్రశ్న వచ్చినప్పుడెల్ల నాకీ కథ జ్ఞాపకము వచ్చును. ఆ ప్రశ్న మాకును వచ్చినది, పిమ్మట చెప్పెదను.

సంఘము పెట్టుట కష్టము కాదు. 2001 నాటి సంఘముల రిజిస్ట్రేషను చట్టము ప్రకారము ఏడుగురు చేరి సంతకములు చేసినచో చాలును. (అంతకుముందు మా తెలంగాణ ప్రాంతమున 1350 ఫసలీ నాటి చట్టముండెడిది, దాని పేరు విన్నప్పుడు నాకు మా తాత కాగితము గుర్తుకు వచ్చెడిది.) నియమావళి వ్రాయవలెను, ఏటేట సర్వసభ్యసమావేశము జరుపవలెను, కార్యవర్గము పట్టికను రిజిస్ట్రారునకు పంపవలెను. మొదటి యేడు అందరును ఉత్సాహముతో వత్తురు. రెండవ యేడు సగము మంది వత్తురు. మూడవ యేడు అధ్యక్షుడు, కార్యదర్శి, చాయ తెచ్చు కుర్రవాడు మిగులుదురు. ఈ మూడవ యేడు దాటించుటయే సంఘమును నడుపుట.

మేము చేసిన మొదటి తప్పు, సమావేశములను ఆంగ్ల మాసపు మొదటి ఆదివారమున పెట్టుట. సైన్యములో అలవాటైన పద్ధతి యది. నాట్లనాడు, కోతలనాడు, కాలువకు నీరు వదలిననాడు ఎవడు వచ్చును? ఒక యాసంగిలో రెండు సమావేశములు ఖాళీ కుర్చీలతో జరిగిన పిమ్మట మా క్యాంపు సభ్యుడొకరు, రైతు బుద్ధిగలవాడు, "కార్యదర్శిగారూ, క్యాలెండరు కాదండీ, కాలువ చూడండి" అనెను. అది మొదలు నీటి వంతులను చూచి దినము నిర్ణయించుచున్నాము.

రెండవ చిక్కు హోదా. మా సంఘములో సుబేదారుగా దిగిపోయినవారున్నారు, నాయకుగా దిగిపోయినవారున్నారు, సిపాయిగా వచ్చినవారున్నారు. తొలినాళ్ళలో సుబేదారుగారు లోపలికి వచ్చిన వెంటనే సిపాయిలు లేచి నిలుచుండిరి. ఆయన కూర్చుండుమనువరకు ఎవరును కూర్చుండలేదు. చూచుటకు ముచ్చటగానే యుండెను. కాని ఆయన తప్పు లెక్క చెప్పినను ఎదురు చెప్పువాడు లేకపోయెను. చివరకు ఆయనయే ఒకనాడు నవ్వుచు, "హోదా చెప్పులతోపాటు గడప అవతల విడిచి వద్దామయ్యా, పోయేటప్పుడు ఎవరిది వాళ్ళు తొడుక్కుందాం" అనిరి. ఆ మాట పనిచేసినది. ఆయన చెప్పులు మాత్రము నేటికిని వరుసలో మొదటివే.

డబ్బు విషయమున మేము కఠినులము. చందా కొద్దిదైనను రసీదు లేక పుచ్చుకొనము. బ్యాంకునుండి తీయవలెనన్నచో రెండు సంతకములు కావలెను. డిసెంబరు 7 వ తేది సాయుధ దళముల పతాక దినము. 1949 నుండి జరుగుచున్నది. ఎరుపు, ముదురు నీలము, లేత నీలము గల చిన్న జెండాలను పాఠశాలలలో, బస్సుస్టాండులో పంచి విరాళములు ప్రోగుచేయుదుము. గలాన్ గలాన్ మను ఆ డబ్బాను నలుగురి ఎదుట తెరచి లెక్కించి, ఒక్క రూపాయి మిగుల్చుకొనక జిల్లా కార్యాలయమునకు పంపవలెను. ఒక యేడు డబ్బా తెరచుటలో రెండు దినములు ఆలస్యమైనది. ఎవరును తీయలేదు, అయినను ఊరిలో ఏడాదిపాటు మాట పడితిమి. 2020 జూనులో గల్వానులో మన సూర్యాపేటవాసి కల్నల్ సంతోష్ బాబు వీరమరణము పొందిన పిమ్మట ఆ యేటి పతాక దినమునకు పిల్లలు తామే వచ్చి జెండాలు అడిగిరి. అట్టి సంవత్సరములు అరుదు.

ఇక క్యాంటీను. నిజము చెప్పవలెనన్నచో మా కార్యాలయమునకు వచ్చువారిలో ఎక్కువమంది దేశసేవ గురించి గాని పింఛను గురించి గాని అడుగరు, "కాకా, ఒక సీసా తెప్పిస్తవా?" అని అడుగుదురు. సభ్యునకు వచ్చు వంతు సభ్యునిది. దానిని బంధువులకు, ఓట్లవారికి పంచినచో సంఘము అంగడియగును. ఈ విషయమున నాకు పోయిన స్నేహితుల లెక్క నేను వ్రాసి పెట్టుకొనలేదు.

కాగితముల పనియే మా అసలు పని. సైనికుని జాతకమంతయు అతని రెజిమెంటు రికార్డు కార్యాలయములో నుండును. మద్రాసు రెజిమెంటువానిది నీలగిరులలోని వెల్లింగ్టనులో, మద్రాసు శాపర్లవానిది బెంగుళూరులో, తోపుఖానావానిది నాసికములో. పింఛను మంజూరగునది ప్రయాగలో. పెండ్లియైనను, బిడ్డ పుట్టినను "పార్టు టూ ఆర్డరు" అను దానిలో ఎక్కవలెను. ఎక్కని బిడ్డ ఆ కార్యాలయము దృష్టిలో పుట్టనేలేదు. మన తెలుగువారికి ఇంటిపేరు ముందు, పేరు వెనుక. ఉత్తరదేశపు గుమాస్తా ఇంటిపేరునే పేరనుకొని వ్రాయును. మా ప్రాంతమున పుట్టింట ఒక పేరుతో పిలిచిన పిల్లను అత్తింట మరియొక పేరుతో పిలుచు ఆచారమొకటి యున్నది. రికార్డులో లక్ష్మి, ఆధారులో లచ్చవ్వ, రేషను కార్డులో లక్ష్మీబాయి. ముగ్గురును ఒక్క ఆడుదేనని నమ్మించుట పట్టువిడువనివాడు చేయవలసిన పని.

ఇటువంటి పనిలోనే మా సంఘము చేసిన పెద్ద తప్పు నొకదానిని ఇప్పుడు చెప్పవలెను. ఆ తప్పు నాది.

మా సభ్యుల రిజిస్టరు నేను ఎంతో శ్రద్ధగా పెట్టితిని. సైనిక సంఖ్య, రెజిమెంటు, చేరిన తేది, దిగిన తేది, పి.పి.ఓ. సంఖ్య, అన్నియు గుండ్రని అక్షరములతో. సభ్యుడు మరణించినచో ఎర్రసిరాతో పేరు మీద గీత గీసి, ప్రక్కన తేది వేయుదును. అంత్యక్రియలకు అందరము పోవుదుము. జెండా, పూలమాల, రెండు నిమిషముల మౌనము, అన్నియు క్రమముగా జరుగును. మరుసటి నెల సమావేశపు నోటీసు ఎర్రగీత లేని పేర్లకు పోవును.

కాలువ దిగువ గ్రామమున మా సభ్యుడొకరు మరణించిరి. ఆయన భార్యకు కుటుంబ పింఛను వచ్చునట్లు మేమే కాగితములు నడిపితిమి, వచ్చినది. పిమ్మట ఆ పింఛను బ్యాంకు లెక్కనుండి "స్పర్శ్" అను క్రొత్త పద్ధతికి మారినది. దాని ప్రకారము ఏడాదికొకసారి బ్రతికియున్నానని గుర్తింపు ఇయ్యవలెను. ఆమె పోయినదట. యంత్రము మీద బొటనవ్రేలు పెట్టినదట. ముప్పదియేండ్లు నాట్లు వేసిన చేతికి రేఖలు మిగులునా? యంత్రము ఆమెను గుర్తించలేదు. అక్కడివాడు రెండుసార్లు ప్రయత్నించి, "రేపు రా" అనెనట. ఆమె మూడు దినములు తిరిగి, పిమ్మట ఊరకుండెను. పింఛను నిలిచిపోయెను.

పదకొండు నెలల తరువాత పతాక దినము డబ్బాతో ఆ ఊరికి పోయినప్పుడు, ఆమె ఇంటిముందు మేము తెచ్చిన జెండానొకటి తీసికొని కొంగుముడి విప్పి పది రూపాయలు వేసెను. అప్పుడు ప్రక్కింటివారు చెప్పగా తెలిసినది, ఆమె కూలికి పోవుచున్నదని, ఇంటిలో బియ్యము అప్పు తెచ్చుకొనుచున్నదని.

"అవ్వా, పదకొండు నెల్లాయె. మాకెందుకు చెప్పలేదు?" అంటిని.

"ఎవరికి చెప్పాలె బిడ్డా? మీ సంగం మా ఆయనతోటే పాయె గద. ఆయన పేరు కొట్టేసిండ్రని చెప్పిరి."

నేను గీసిన గీత ఆ ఊరిదాక పోయి ఆమె తలుపు మీద పడినదని నాకప్పుడు తెలిసినది. ఆ పది రూపాయలు డబ్బాలోనే యున్నవి. తీసి యిచ్చినచో ఆమెకు అవమానము, ఉంచుకొన్నచో నాకు. ఉంచుకొంటిని.

పని వెంటనే చేసితిమి. వ్రేలిముద్ర పడనివారికి కంటిపాపనుబట్టి గుర్తించు పద్ధతి యున్నది; ముఖము చూపి ఫోనులో గుర్తింపు ఇచ్చు పద్ధతియు 2021 నుండి వచ్చినది. ఆమెను చెట్టుక్రింద కూర్చుండబెట్టి, వెలుతురు సరిచూచి, నాలుగుసార్లు రెప్పలార్పించితిమి. అయిదవసారి యంత్రము ఆమెను బ్రతికియున్నట్లు ఒప్పుకొన్నది. బకాయితో సహా పింఛను వచ్చుటకు మరి కొన్ని నెలలు పట్టినది. ఆ నెలల బియ్యము మాత్రము సంఘము పంపినది. ఆమె వద్దనలేదు, ధన్యవాదములు చెప్పలేదు. రెండును సరియే.

మరుసటి సమావేశమున నేను రిజిస్టరును బల్లమీద పెట్టి జరిగినది చెప్పితిని. మా కోశాధికారి కోపిష్ఠి. "గుమాస్తా పుస్తకం రాసినవ్ గని ఇల్లు రాయలేదు" అని అందరి యెదుట అనెను. నాకు కోపము వచ్చినది. ఇంటికి పోయి భోజనము చేయలేదు. కాని ఆ రాత్రియే క్రొత్త పుస్తకము మొదలుపెట్టితిని. దానిలో మనుష్యుల పేర్లు వరుస లేదు. ఇండ్ల వరుస యున్నది. ఒక్కొక్క యింటికి ఒక పుట. సభ్యుడు పోయినను పుట మిగులును. భార్య పేరు మూడు కాగితములలో మూడు విధములుగా నున్నచో మూడును వ్రాయబడును. గుర్తింపు ఇయ్యవలసిన నెల పైన వ్రాయబడును. ప్రతి ఊరికి ఒకరిని నియమించితిమి. ఆ నెలలో అతడు ఆ గడప ఎక్కి రావలెను. సమావేశములకు స్త్రీలను పిలిచితిమి. మొదట ఎవరును రాలేదు. పిమ్మట ఇద్దరు వచ్చి వాకిటిలో కూర్చుండిరి. ఇప్పుడు లోపల కూర్చుండుచున్నారు; క్యాంటీను గురించి మావారికంటె మంచి ప్రశ్నలు వేయుచున్నారు.

వారివలననే నాకు మరియొకటి తెలిసినది. భర్త పోయిన తరువాత కుటుంబ పింఛను మొదట హెచ్చు రేటున వచ్చును. ఏడేండ్లు నిండువరకు, లేక భర్త బ్రతికియున్నచో అరువదియేడేండ్లు నిండు నాటివరకు, ఏది ముందైన నంతవరకే ఆ హెచ్చు రేటు. పిమ్మట తగ్గును. ఈ సంగతి ఎవరును చెప్పనందున, తగ్గిన నెలలో ఆ స్త్రీలు కొడుకులను అనుమానింతురు, కోడండ్రను అనుమానింతురు, బ్యాంకు గుమాస్తాను తిట్టుదురు. రెండు ఇండ్లలో తగవులే పడినవి. ఇప్పుడు మంజూరైన నాడే, "ఫలానా నెలలో తగ్గును, అది ఎవరి దొంగతనమును కాదు" అని చెప్పి పుటలో వ్రాసి ఆమెచేత వినిపించుకొందుము.

ఒకే హోదా ఒకే పింఛను గురించి అందరును విన్నారు; 2015 నవంబరులో ఉత్తర్వు వచ్చి 2014 జూలై మొదటి తేది నుండి అమలైనది. వైద్యమునకు 2003 ఏప్రిలులో ఇ.సి.హెచ్.ఎస్. పథకము వచ్చినది. ఈ రెండింటి మేలు పింఛనున్నవారికి. పదునైదేండ్లు నిండకముందే ఏదో కారణమున ఇంటికి వచ్చిన జవానులకు పింఛను లేదు. అట్టివారు, హవల్దారు హోదావరకు, అరువదియైదేండ్లు దాటి దరిద్రములో నున్నచో కేంద్రీయ సైనిక బోర్డు నెలనెల ఇచ్చు సహాయ మొకటి కలదు. 2025 లో దానిని 4,000 రూపాయలనుండి 8,000 రూపాయలకు పెంచిరి. మా మండలమున దీనికి తగినవారు కలరని రిజిస్టరులో వెదకినంతకాలము తెలియలేదు. ఇండ్లు తిరిగినప్పుడు తెలిసినది. వారు సంఘములో చేరియుండలేదు. "పింఛన్ లేనోన్ని, ఫౌజీ నని ఏం మొఖం పెట్టుకొని చెప్పుకోను" అని ఒకాయన నాతో ననెను. ఆయన మంచుకొండలలో నాలుగు చలికాలములు గడపినవాడు.

ఇప్పుడు తలుపు ప్రశ్న. 2022 జూనులో అగ్నిపథ పథకము ప్రకటింపబడినది. దాని ప్రకారము చేరిన యువకులు నాలుగేండ్లు పనిచేయుదురు. నూటికి ఇరువదియైదుగురి వరకు నిలుపుకొని మిగిలినవారిని సుమారు 11.71 లక్షల రూపాయల సేవానిధితో ఇంటికి పంపుదురు. పింఛను లేదు, పథకపు షరతుల ప్రకారము మాజీ సైనికుడను హోదాయు లేదు. మొదటి దళము 2022 చివర శిక్షణకు పోయినది. మా ప్రాంతపు పిల్లలును పోయిరి. బాన్సువాడ మైదానమున తెల్లవారుజామున వారు పరుగెత్తుచుండగా మా సుబేదారుగారే గడియారము పట్టుకొని నిలిచెడివారు.

మా నియమావళిలో "ప్రభుత్వ నిర్వచనము ప్రకారము మాజీ సైనికుడైనవాడే సభ్యుడు" అని యున్నది. ఆ వాక్యము నేనే వ్రాసితిని. అప్పుడది మంచి వాక్యమని సంతోషించితిని. ఆ పిల్లలు తిరిగి వచ్చి మా గడప తొక్కినచో ఈ వాక్యము వారిని ఆపును. గత సమావేశమున దీనిమీద వాదము జరిగినది. ఒకరు, "నిర్వచనము సడలించినచో రేపు హోంగార్డులు వత్తురు, ఎల్లుండి ఎవరైన వత్తురు; సైనిక సంఘమను పేరునకు అర్థముండదు" అనిరి. అది తీసిపారవేయదగిన మాట కాదు. సంఘము బలమంతయు దాని మాటను కచేరివారు నమ్ముటలో నున్నది. ఎవరు పడితే వారు సభ్యులైనచో మా ముద్రకు విలువ తగ్గును. మరియొకరు, "వారికి పింఛను పని లేదు, మనవలన కాగితపు సహాయ మక్కరలేదు, మరేల?" అనిరి. దానికి ఆ కోపిష్ఠి కోశాధికారియే లేచి, "పింఛన్ లేనోనికే సంగం ఎక్కువ గావాలె" అని కూర్చుండెను.

నేను నాకు తోచినది చెప్పితిని. ఇరువదిరెండు, ఇరువదిమూడేండ్లకు ఇంటికి వచ్చినవాడు ఉద్యోగము వెదకవలెను, చదువు తిరిగి పట్టవలెను, చేతికి వచ్చిన సొమ్మును బంధువులనుండి కాపాడుకొనవలెను. ఈ చివరిది మిక్కిలి కష్టము. మా కాలమున గ్రాట్యుటీ సొమ్ముతో వచ్చినవాని యింటికి మొదటి నెలలో వచ్చిన అప్పుల కథలు నాకు తెలియును, ఒకటి నాదే. వారిని పూర్తి సభ్యులుగా చేయుటకు నియమము సవరించవలెను, సర్వసభ్యసమావేశమున ఆమోదము పొంది రిజిస్ట్రారునకు పంపవలెను. అంతవరకు క్రొత్త పుస్తకములో వారి యిండ్లకును పుటలు తెరువవచ్చును. ఇంటి పుటకు నిర్వచన మక్కరలేదు. దీనికి కొందరు తల ఊపిరి, కొందరు ఊపలేదు. సుబేదారుగారు ఏమియు అనక చెప్పులు తొడుగుకొని పోయిరి. ఆయన మనుమడు మొదటి దళములోనివాడని పిమ్మట నాకు జ్ఞాపకము వచ్చినది.

అక్కడ ఇంకొక మాట నేను చెప్పలేదు, ఇక్కడ చెప్పుచున్నాను. మా తాత కాగితములో "నడవడి మంచిది" యని వ్రాసియిచ్చినవారు అబద్ధము వ్రాయలేదు. ఆయన ఫౌజీయా, కాడా అని 1948 తరువాత ఎవరును నిర్వచించలేదు. ఊరివారు మాత్రము ఆయన బ్రతికినంతకాలము "ఫౌజు పటేలు" అనియే పిలిచిరి. ఆ పిలుపునకు రిజిస్టరు లేదు.

సవరణ తీర్మానపు ముసాయిదా వ్రాసి నోటీసు పంపితిని. ఈసారి నోటీసులు ఎర్రగీతలున్న పేర్ల యిండ్లకును పోయినవి. యాసంగి నాట్లు ముగిసి, కాలువకు నీరు కట్టివేసిన దినమున సమావేశము. స్త్రీలు లోపల కూర్చుండెదరు గనుక కుర్చీలు మరి కొన్ని అద్దెకు తేవలెను. వాని రసీదు కోశాధికారి తప్పక అడుగును.